గురువారం పన్నెండింటికి వాలెన్సియాలో

స్పెయిన్ సముద్రతీరం గురించి ఏ ట్రావెల్ ఏజెన్సీ కాగితం తీసినా మొదటి మాట ఎండే. మబ్బుల కింద మగ్గే లండన్ వాళ్లకూ బెర్లిన్ వాళ్లకూ ఆ మాట ఊరిస్తుంది. అనంతపురం పక్కన మా బుక్కరాయసముద్రంలో దానికి ఎవరూ లొంగరు. వచ్చే మే నెలలో అటు పోదామనుకుంటున్నామని చెబితే మా వీధి పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎండ సూసేదానికి లచ్చలు పోసుకోని పోవాల్నా సామీ? ఈడ చెరువు కట్ట మీద నిలబడితే సాలదా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. ఎండ సంగతి పక్కన పెడితే మనలాంటి వాళ్లం అక్కడికి ఏం చూడ్డానికి పోవాలి?

స్పెయినే ఎందుకన్నదానికైతే జవాబు సులభం. అనంతపురం పల్లెల్లో పారిస్ కన్నా బార్సిలోనా దగ్గరి పేరు. ఆ ఊళ్లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టారు, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆ సంస్థ ద్వారా సాయం చేసే స్పెయిన్ స్పాన్సర్లకు బొమ్మలేసి, ఉత్తరాలు రాసి పెరిగిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. స్పెయిన్ వాళ్లు మన పల్లెలు వెతుక్కుంటూ వచ్చి, మన అరుగుల మీద కూర్చొని పోయారు. మనం అటు పోవడమే తక్కువ.

ప్యాకేజీ టూర్లు కూడా చూశాం. పది రోజుల్లో ఐదారు దేశాలు. బస్సు దిగు, ఫోటో తీసుకో, బస్సెక్కు. రాత్రికి మాత్రం పప్పన్నం గ్యారంటీ. అలా పోయొచ్చినవాళ్లను తప్పుపట్టను గానీ నాకు ప్లానంటే ఒక గుంజ ఉండాలి. మేకను కట్టినట్టు మిగతా రోజులన్నీ దాని చుట్టూ తిరగాలి. మాకు ఆ గుంజ వాలెన్సియాలో దొరికింది.

ఆ ఊరి పెద్ద చర్చికి అపొస్తలుల ద్వారం అని ఒకటుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి దాని ముందు నీళ్ల పంచాయతీ కూర్చుంటుంది. తురియా నది నుంచి సాగునీరు తీసుకునే ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న పెద్దలు నల్లటి అంగీలు తొడుక్కుని గుండ్రంగా కూర్చుంటారు. ఒకడు నిలబడి ఒక్కో కాలువ పేరు కేకవేసి, ఆ కాలువ కింద ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్లు రండి అని పిలుస్తాడు. లాయరు ఉండడు. వాదనంతా నోటి మాటే. తీర్పు మీద అప్పీలు లేదు. వంతు తప్పి నీళ్లు మలుపుకున్నవాడికి, కాలువ శుభ్రం చేయనివాడికి జరిమానా. ఈ ఆచారం వెయ్యేళ్ల నాటిదని చెప్పుకుంటారు. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. చాలా గురువారాల్లో ఫిర్యాదులేమీ ఉండవు, పెద్దలు కొద్ది నిమిషాల్లో లేచిపోతారు. ఆ కొద్ది నిమిషాల కోసమే సముద్రాలు దాటి పోవాలని మా ప్లాను.

బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. కానీ మాది కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ ఊరు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'గా రాసింది ఈ చెరువు కథనే. తూము ఎత్తి వంతు ప్రకారం మడులకు నీళ్లు వదిలే నీరుగంటిని చిన్నప్పుడు చూసినవాణ్ణి. గెనిమ మీద పార భుజాన వేసుకొని ఆయన నిలబడితే పెద్ద రైతు కూడా గొంతు తగ్గించేవాడు. ఆ పెద్దరికం ఒక నగరం నడిబొడ్డున, టూరిస్టుల కెమెరాల మధ్య ఇంకా బతికే ఉందంటే చూడకుండా ఎట్లా?

గుంజ దొరికాక నెల తేల్చడం. మనది నైరుతి వానల లెక్క. వాళ్లకు వేసవంతా పొడి, వానలు శరదృతువు నుంచి మొదలు. ఈతకైతే సెప్టెంబరు మేలు, అప్పటికి సముద్రం వెచ్చబడుతుంది. మేలో నీళ్లు చల్లగానే ఉంటాయి, ఫోటోల్లో ఆ సంగతి కనబడదు. కానీ అక్టోబరు దగ్గరపడేకొద్దీ ఆ తీరంలో కుండపోతల భయం. 2024 అక్టోబరు 29న వాలెన్సియా చుట్టుపక్కల వరదలకు రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునగడం చూసినవాళ్లం, ఆ నెల పేరు ఎత్తలేదు. సొరకాయ బుర్ర కట్టుకొని బావిలో ఈత నేర్చిన నాకు చల్లటి నీళ్లంటే బెదురు లేదు. జూన్‌లో వానపడితే చెనిక్కాయ విత్తనం పని. కాబట్టి మే. ఆ నెల పెళ్లిళ్లకు రాలేమని ముందే క్షమాపణలు చెప్పుకుంటున్నాం.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే పెట్టాలి. ఫీజు తలకు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ఇన్సూరెన్సు తప్పనిసరి. హోటల్ బుకింగులు డబ్బు వాపసు వచ్చే రకంవే చేసుకోవడం తెలివి. తిరిగొచ్చేందుకు ఊళ్లో మనకు ఆస్తిపాస్తులున్నాయని చూపడానికి పట్టాదారు పాసుపుస్తకం కూడా ఫైల్లో పెడుతున్నాను. రెవెన్యూ ఆఫీసు గడప దాటితే చాలనుకున్న పుస్తకం అది!

తిండి విషయం మా ఆవిడ చేతిలో ఉంది. మాంసం, పాల సరుకు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోకూడదు. అంటే కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఆగిపోవాలి. చెనిక్కాయల పొడి, గోంగూర పచ్చడి సంచికెక్కుతాయి. మే నెలాఖరున అక్కడ రాత్రి తొమ్మిది దాటితే గాని పొద్దు గూకదు, హోటళ్లలో రాత్రి భోజనం కూడా అప్పుడే మొదలు. ఏడున్నరకు తిని పడుకునే మాకు స్టవ్వు ఉన్న గది తప్పదు. పాయెయా అనే వాళ్ల అన్నం పుట్టింది వాలెన్సియాలోనే. దానికి బియ్యం పండించే అల్బుఫెరా చెరువు ఊరికి దక్షిణాన కొద్ది దూరమే. మేలో మడులకు నీళ్లు పెట్టి వరి చల్లుతారు. బుధవారం దానికే.

బార్సిలోనాలో రెండు రోజులు, అక్కడి నుంచి సముద్రం పక్కగా వాలెన్సియాకు రైలు. అంతవరకూ గొడవ లేదు. గొడవంతా మా మేనల్లుడితో. నడాల్ 2010లో అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో మొదలుపెట్టిన టెన్నిస్ స్కూల్లో రాకెట్ పట్టినవాడు. "మామా, మీ నీళ్ల పంచాయతీ అయిపోయినాక మయోర్కా పోవాల్సిందే. నడాల్ ఊరు మనకోర్ అక్కడే ఉంది" అని పట్టు. వాలెన్సియా నుంచి ఆ దీవిలోని పాల్మాకు పడవలున్నాయి. రాత్రంతా ప్రయాణం. మా ఆవిడకు పడవంటే వాంతుల భయం, విమానం టికెట్ల ధర చూస్తే నాకు భయం. పంచాయతీ గురువారమే అయిపోతుంది కాబట్టి శుక్రవారం ఖాళీ పెట్టి ఉంచాను. వాళ్లిద్దరూ తేల్చుకోవాలి.