సిరాల్లో కష్టమైనది నలుపే

నీలం సిరా కాస్త వెలిసినట్టున్నా అదో అందం అనుకుని సరిపెట్టుకుంటాం. నలుపుకు ఆ వెసులుబాటు లేదు. సీసాలో కాటుకలా నిగనిగలాడింది కాగితం మీద ఆరేసరికి బూడిదరంగుకు దిగిందంటే ఆ సీసా డబ్బులు దండగ.

ఎందుకింత కష్టమంటే, చాలా నల్ల సిరాల్లో నలుపు ఒక్క రంగుతో రాదు. రెండు మూడు రంగులు కలిపి, చూసేవాడికి నలుపనిపిస్తారు. అద్దుడు కాగితాన్ని సన్నగా కత్తిరించి, కింది అంచుకు వేలెడు పైన ఒక చుక్క పెట్టండి. చుక్క మునగకుండా ఆ అంచును నీళ్లలో ఆనించి కాసేపు చూడండి. తడి పైకి పాకేకొద్దీ నలుపు తన గుట్టు తనే విప్పుకుంటుంది. ఒకచోట ఊదా ఛాయ, ఇంకోచోట ఇటుకరంగు, పైన ఎక్కడో నీలం గీత. కొన్ని సీసాల్లో పసుపు కూడా బయటపడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పైకి తేలకుండా కలిపి నిలబెట్టినవాడు నిజమైన పనివాడు. ఆ పనితనం మనకు పట్టదు. సీసా ఊపి చూసి, "చిక్కగా ఉంది, ఇచ్చెయ్" అంటాం. చిక్కదనాన్ని నమ్మకండి. రంగు మోతాదు మించిన సిరా తొందరగా ఆరదు, అరచేతికి అంటుతుంది, పాళీ చీలిక దగ్గర పేరుకుంటుంది.

తెలుగు రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, చుట్లు ఎక్కువ. చిన్న చేతిరాతలో "ఘ" లోపలి సందులు, "ఝ" మెలికలు, "స్త్రీ" కింద వేలాడే వత్తులు, సిరా వెంట్రుకవాసి పాకినా అన్నీ పూడుకుపోతాయి. కంపెనీలవాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో చూపించే నమూనాలు మనకేం పనికొస్తాయి? కొట్లో పెన్ను చేతికిస్తే సంతకం గీకి ఊరుకోకండి. "లక్ష్మి", "స్త్రీ", "ఝరి" అని మీ మామూలు సైజులో రాయండి. అదీ నున్నటి ఖరీదైన కాగితం మీద కాదు, రోజూ రాసే నోటుబుక్కు మీద. పది లెక్కపెట్టి వేలితో రుద్దండి. కాగితం తిప్పి వెనక ఎంత దిగిందో చూడండి. తలకట్టూ గుడీ విడివిడిగా కనిపిస్తూ, సున్నా లోపల తెల్లదనం మిగిలితే ఆ సిరా సగం నెగ్గినట్టే.

మిగతా సగం పెన్నును బట్టి ఉంటుంది. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను, నాది రాజమండ్రి పార్టీ. కె.వి. రత్నం 1932లో అక్కడ పెన్నుల పని మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్నుతో రాసి చూసి 1935లో గాంధీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అంతకుముందు పంపినదాంట్లో విదేశీ భాగం ఉందని గాంధీ ఒప్పుకోలేదని కూడా చెప్పుకుంటారు. ఆ కథ ఎలా ఉన్నా, పని మాత్రం కళ్లారా చూడాల్సిందే. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేతు మీద తిప్పి, మూతకూ ఒంటికీ మరలు కోసి, పాళీ కింది నాలుకను చేత్తో అమరుస్తారు. మూత తిప్పుతుంటే ఎక్కడా పట్టేయదు, చివరి చుట్టులో మెత్తగా బిగుసుకుంటుంది. ఆ బిగువు ఎంతన్నది పనివాడి వేళ్లకే తెలుసు. అలాంటి చేతులకు దండం పెట్టాలి.

ఈ పెన్నుల్లో సిరాను ఫిల్లరుతో నేరుగా ఒంట్లోకే పోస్తాం. ధారాళంగా రాస్తాయి. అందుకని వీటికి కాస్త పొదుపుగా దిగే సిరా కావాలి. పెలికాన్ 4001 నలుపు అలాంటిది. అదే, సన్న పాళీతో పిసినారిగా రాసే జపాన్ పెన్ను మీ చేతిలో ఉంటే లెక్క తిరగబడుతుంది. దానికి పైలట్ వాళ్ల ఇరోషిజుకు టకే-సుమి, ఇటలీ వాళ్ల అరోరా నలుపు లాంటి ధారాళమైన సిరాలు నప్పుతాయి. ఒకే సిరా ఒక పెన్నులో దేవుడు, ఇంకోదాంట్లో దయ్యం. ఇంకో మాట. ఫిల్లరుతో పోసే పెన్నులో సిరా అడుగంటేదాకా ఆగొద్దు. లోపల ఖాళీ పెరిగితే చేతివేడికి గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. నల్ల మరక చొక్కా మీద పడితే ఇంట్లో ఏం మాటలు పడాలో మీకు తెలుసు.

చరిత్ర టూకీగా చెప్పేస్తాను. మన పాతకాలపు నల్ల సిరా కరక్కాయతోనూ అన్నభేదితోనూ కాచింది. కరక్కాయలోని వగరూ అన్నభేదిలోని ఇనుమూ కలిసి, గాలి తగిలేకొద్దీ నల్లబడతాయి. గట్టి సిరా, నీటికి చెదరదు. అయితే ఇంట్లో కాచినది ఫౌంటెన్ పెన్నులో పోస్తే మడ్డి నాలుకకు అడ్డం పడుతుంది, ఆమ్లం ఉక్కు పాళీని తినేస్తుంది. తర్వాత స్వదేశీ రోజులు. 1931లో బొంబాయిలో దండేకర్ సోదరులు సిరా పొడి, సిరా బిళ్లలతో మొదలుపెట్టిందే నేటి కామ్లిన్. బెంగాల్లో గాంధీ కోరిక మీద సతీశ్ చంద్ర దాస్‌గుప్తా కృష్ణధార అనే సిరా చేశారు. ఆ దారిలోనే 1934లో మైత్రా సోదరులు సులేఖ స్థాపించారు. ఒక ఊళ్లో పెన్ను, ఇంకో ఊళ్లో సిరా, అంతా ఆ నాలుగేళ్లలోనే! సులేఖ మధ్యలో చాలా ఏళ్లు మూతపడి మళ్లీ లేచింది. ఆ పట్టుదలకైనా ఒక సీసా కొనొచ్చు.

చెరగని నలుపు కావాలనేవాళ్లకు బొగ్గు సిరాలున్నాయి. ప్లాటినం కార్బన్, సెయిలర్ కివా-గురో. ఇందులో నలుపు నీళ్లలో కరగదు, అతి సన్నని రేణువులుగా తేలుతుంది. ఎండకు వెలవదు, తడికి చెదరదు. పెన్నులో అంత సన్నగా నిలపడం మామూలు విద్య కాదు, ఒప్పుకుంటాను. కానీ పెన్నును వారాల తరబడి మూల పడేసేవాళ్లకు ఇది వద్దు. లోపల ఆరితే వదిలించడం నరకం. నా ఓటు అమెరికాలో నేథన్ టార్డిఫ్ చేసే నూడ్లర్స్ నలుపుకు. ఇది కాగితంలోని పీచును పట్టుకుంటుంది. రాత ఆరాక నీళ్లు పోసినా నలుపు అక్కడే ఉంటుంది. ఒక్క మనిషి బుర్రలోంచి వచ్చిన సిరా అది!

ఇక కడుపుమంట సంగతి. నేడు సీసా మీద "ఫౌంటెన్ పెన్ ఇంక్" అని అచ్చేస్తే చాలు, లోపల ఏదైనా పోయొచ్చు. పేరున్న సీసా ఆకారం, లేబులు రంగు ఎత్తేసి, నీళ్లలో ఇంత రంగు కలిపి అమ్మేస్తున్నారు. రాసిన నాలుగో రోజుకే గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంతకన్నా ఘోరం, బొమ్మలు గీసే లక్కసిరాను ఫౌంటెన్ పెన్నుకని అంటగట్టడం. అందులోని లక్క నాలుక సందుల్లో గట్టిపడితే ఇక ఆ పెన్ను లేవదు. అప్పుడు తిట్లు ఎవరికి? సిరాకు కాదు, పెన్నుకు. "ఫౌంటెన్ పెన్నులింతే, కక్కుతాయి" అని అటకెక్కిస్తారు, పిల్లాడికి జెల్ పెన్ను కొనిపెడతారు. చెడ్డ సిరా అమ్మినవాడు ముప్పై రూపాయల లాభానికి ఒక ఇంట్లో రాతనే ఆపేశాడు. రాజమండ్రిలో లేతు ముందు కూర్చున్నవాడి కష్టం ఆ సీసాలో మునిగింది. ఇది నాకు క్షమించరాని నేరంగానే కనిపిస్తుంది.

కాబట్టి చేతనైంది చేద్దాం. అటక మీది పెన్ను దింపండి. చన్నీళ్లలో నానబెట్టి కడగండి. వేడినీళ్లు వద్దు, ఎబొనైట్ నలుపు చచ్చి గోధుమరంగు తేలుతుంది. మీ ఊరి స్టేషనరీ కొట్టుకు వెళ్లి కామ్లిన్ వాళ్ల కామెల్ నలుపో సులేఖ నలుపో పేరు పెట్టి అడగండి. లేదంటే తెప్పించమనండి, వచ్చేవారం మళ్లీ వెళ్లి అడగండి. నలుగురు అడిగితే కొట్టువాడు సీసాలు పెడతాడు.