బొమ్మ పడేదాకా

ఫిలడెల్ఫియాలో 2012 వేసవిలో మావోరీ కార్మెల్ హోమ్స్ ఒక సినిమా పండగ తలపెట్టారు. నల్లజాతి దర్శకులు స్టూడియోల అండ లేకుండా తీసిన కొత్త సినిమాలు కొన్ని అప్పటికే బయట తిరుగుతున్నాయి గానీ ఆ నగరం దాకా రాలేదు. వాటిని ఒకసారి తెప్పించి ఊళ్లో వాళ్లకు చూపిస్తే చాలన్నది ఆమె ఆలోచన. ఒక్కసారికని మొదలుపెట్టింది ఏటా ఆగస్టులో జరిగే బ్లాక్‌స్టార్ ఫిల్మ్ ఫెస్టివల్‌గా నిలబడింది. ఇప్పుడు పత్రికలు దాన్ని సన్‌డాన్స్ ఫెస్టివల్‌తో పోల్చి రాస్తున్నాయి.

ఆ పేరుకు మూలం నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ. ఆయన 1919లో బ్లాక్ స్టార్ లైన్ అనే ఓడల కంపెనీ పెట్టి, వాటా ఐదు డాలర్ల చొప్పున నల్లజాతి కూలీనాలీ జనానికి అమ్మారు. మూడేళ్లకే కంపెనీ మూతపడింది. సరుకే కాదు, దాన్ని మోసే ఓడ కూడా మనదే కావాలన్న పట్టుదల మాత్రం మిగిలింది. సినిమా పండగకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు. నల్లజాతి దర్శకులు వందేళ్లుగా సినిమాలు తీస్తూనే ఉన్నారు. వాటిని జనం దాకా చేర్చే థియేటర్లు, పంపిణీ మాత్రం చాలావరకు వేరేవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

ఆస్కార్ మిషో కథ చూస్తే ఈ కష్టం ఎంత పాతదో తెలుస్తుంది. దక్షిణ డకోటాలో సేద్యం చేస్తూ నవలలు రాసి, ఇంటింటికీ తిరిగి వాటిని తనే అమ్ముకున్న మనిషి ఆయన. సూ సిటీ చుట్టుపక్కల రైతులకు వాటాలు అమ్మి పెట్టుబడి పోగేసి, 1919లో తన నవలనే 'ద హోమ్‌స్టెడర్' సినిమాగా తీశారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో నలభైకి పైగా సినిమాలు తీశారు. ప్రింటు వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, థియేటర్ యజమానులను ఒప్పించి ఆడించడం కూడా ఆయన పనే. 'వితిన్ అవర్ గేట్స్' 1920 జనవరిలో షికాగోలో విడుదలైంది. అంతకు ఆరు నెలల కిందటే ఆ నగరం జాతి అల్లర్లతో అట్టుడికింది. తెల్లవాళ్ల గుంపు ఒక నల్లజాతి కుటుంబం మీద పడి చంపే దృశ్యం సినిమాలో ఉందని సెన్సారు మొదట అడ్డం తిరిగింది. ఆడిన కొన్నాళ్లకు ఆ సినిమా జాడే లేకుండా పోయింది. దశాబ్దాల తర్వాత స్పెయిన్‌లోని ఫిల్మ్ ఆర్కైవ్‌లో 'లా నెగ్రా' పేరుతో ఒక ప్రింటు బయటపడింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని బాగుచేయించి 1993లో మళ్లీ లోకానికి చూపించింది.

చార్ల్స్ బర్నెట్ 'కిల్లర్ ఆఫ్ షీప్' మరో రకంగా చిక్కుకుంది. యూసీఎల్‌ఏలో చదువుకుంటూ, లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ పేటలో శని, ఆదివారాల్లో షూటింగ్ పెట్టుకుని, ఎక్కువగా అక్కడి మనుషులనే నటులుగా పెట్టుకుని తీసిన నలుపు తెలుపు సినిమా అది. పదివేల డాలర్ల లోపే పూర్తయింది. కథానాయకుడు స్టాన్ గొర్రెల కబేలాలో పనివాడు. ఒకచోట అతనూ స్నేహితుడూ కలిసి పాత కారు ఇంజిన్ కొంటారు. ఆయాసపడుతూ, ఆగుతూ ఆగుతూ, ఆ బరువును మెట్ల మీదుగా దించి ట్రక్కు వెనకాల అంచున పెడతారు. ఇంకాస్త లోపలికి జరపకుండానే బయల్దేరతారు. బండి కదలగానే ఇంజిన్ జారి రోడ్డు మీద పడి పాడవుతుంది. చేసేదేం లేక దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. ట్రక్కులో ఉన్న కెమెరా మాత్రం దూరమైపోతున్న ఆ ఇనుప ముద్దను చూస్తూనే ఉంటుంది. సంగీతం లేదు, కన్నీళ్లు లేవు. చాలీచాలని జీతంలో మిగుల్చుకున్న డబ్బు ఎలా నేలపాలవుతుందో ఇంత సూటిగా చూపించిన దృశ్యాలు సినిమాల్లో అరుదు.

బర్నెట్ దాన్ని 1977లో థీసిస్‌గా సమర్పించారు. అందులో వాడిన పాటలకు హక్కులు కొనలేదు. చదువు కోసం తీసిన సినిమాకు ఆ అవసరం రాలేదు, స్తోమతా లేదు. హక్కులు లేనిదే థియేటర్లలో మామూలు విడుదల కుదరదు. 1981లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో విమర్శకుల బహుమతి వచ్చింది. 1990లో అమెరికా ప్రభుత్వం భద్రపరచదగ్గ సినిమాల జాబితాలో చేర్చింది. థియేటర్లకు వచ్చింది మాత్రం 2007లో. మధ్యలో గడిచిన ముప్ఫై ఏళ్లు ఆ సినిమాను బతికించింది ఫెస్టివల్స్, కాలేజీ హాళ్లు, మ్యూజియం ప్రదర్శనలే. చిన్న ఫెస్టివల్స్ వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకు ఈ ఒక్క సినిమా చరిత్ర చాలు.

ఇథియోపియాలో పుట్టి, హోవర్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన హైలీ గెరీమా సంగతీ ఇలాంటిదే. బానిసత్వం మీద ఆయన తీసిన 'సంకోఫా' 1993లో బెర్లిన్ పోటీకి ఎంపికైంది. అయినా అమెరికాలో పంపిణీదారులు ముందుకు రాలేదు. ఆయన, భార్య షిరికియానా ఐనా ఊరూరా థియేటర్లు అద్దెకు తీసుకుని ఆడించారు. స్థానిక నల్లజాతి సంఘాలు టిక్కెట్లు అమ్మిపెట్టాయి, జనాన్ని కూడగట్టాయి. తర్వాత ఆ దంపతులు వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ ఎదురుగా, జార్జియా అవెన్యూలో, 'సంకోఫా' పేరుతోనే పుస్తకాల దుకాణం తెరిచారు. అక్కడ పుస్తకాలతో పాటు సినిమాలూ దొరికాయి.

బ్లాక్‌స్టార్ శూన్యంలోంచి పుట్టలేదు. ఫిలడెల్ఫియాలో ఆ నేల అప్పటికే దుక్కి అయి ఉంది. లూయీ మసాయా 1982లో అక్కడ స్క్రైబ్ వీడియో సెంటర్ స్థాపించారు. కెమెరా పట్టుకోవడం, కథ రాయడం, ఎడిటింగ్ చేయడం పేటలో వాళ్లకు నేర్పే బడి అది. పెద్ద రచయిత్రి టోనీ కేడ్ బంబారా అక్కడ స్క్రిప్టు పాఠాలు చెప్పేవారు. స్క్రైబ్ వాళ్లు వేసవి సాయంత్రాల్లో 'స్ట్రీట్ మూవీస్' పేరిట పేటల్లో ఆరుబయట ఉచితంగా సినిమాలు వేస్తారు. అక్కడ వేసవిలో ఎనిమిది దాటితే గానీ చీకటి పడదు. అప్పటిదాకా ఆగి, పిల్లాజెల్లాతో వచ్చిన జనానికి స్వతంత్ర దర్శకుల సినిమాలు చూపించి, తర్వాత వాళ్లతో మాట్లాడిస్తారు.

ఆ మాటలకు విలువ ఎందుకో తెలియాలంటే 1985 మే 13 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు ఫిలడెల్ఫియా పోలీసులు మూవ్ అనే నల్లజాతి బృందం ఉంటున్న ఓసేజ్ అవెన్యూ ఇంటి మీద హెలికాప్టర్ నుంచి బాంబు వేశారు. మంటలు అంటుకున్నా వెంటనే ఆర్పనివ్వలేదు. పదకొండు మంది చనిపోయారు, వాళ్లలో ఐదుగురు పిల్లలు. 61 ఇళ్లు తగలబడ్డాయి. మరుసటి ఏడాది మసాయా 'ద బాంబింగ్ ఆఫ్ ఓసేజ్ అవెన్యూ' డాక్యుమెంటరీ తీశారు. దానికి గొంతు ఇచ్చింది బంబారాయే. ఇళ్లు కాలిపోయిన ఆ పేట మనుషులే అందులో తమ సంగతి తాము చెప్పుకుంటారు. అలాంటి సినిమాను ఆ ఊళ్లో, ఆ మనుషుల మధ్య కూర్చుని చూడటం వేరు. దూరంగా ఒక గదిలో ఒంటరిగా ఫోన్‌లో చూడటం వేరు. పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ ఆ మంటలు చూసి ఉండొచ్చు. లైట్లు వేశాక ఆమె లేచి నిలబడి ఫలానా సంగతి మీరు వదిలేశారని దర్శకుడిని నిలదీయొచ్చు. ఆ మాట పడటానికి సిద్ధపడి వచ్చే దర్శకుడికి దక్కేది పెద్ద పాఠం. ఏ సమీక్షా అది నేర్పలేదు.

సినిమాలు చూపించడమూ ఒక విద్యే. దాని గురించి రాసేవాళ్లు తక్కువ. ఐదారు షార్ట్ ఫిల్ములు కలిపి ఒక ఆటగా కూర్చేటప్పుడు వరస తప్పితే అన్నీ చెడతాయి. గుండె పిండే సినిమా వెంటనే నవ్వించేది పెడితే రెండూ తేలిపోతాయి. తొలి సినిమా తీసిన కుర్రవాడిని, చేయి తిరిగిన దర్శకురాలి పక్కన అతను మరుగున పడిపోకుండా కూర్చోబెట్టాలి. ఇక తెర మీద వెలుగు. 1991లో విడుదలైన 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్' తీసినప్పుడు జూలీ డాష్, కెమెరా పట్టిన ఆర్థర్ జాఫాతో కలిసి కొడాక్ ఫిల్ము కాదని ఆగ్ఫా ఎంచుకున్నారు. నల్లటి ఒంటి రంగులోని ఛాయలు దాని మీద బాగా పడతాయన్నది వాళ్ల నమ్మకం. కొడాక్ వాళ్లు రంగులు సరిచూసుకోవడానికి చాలాకాలం తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉన్న కార్డులే వాడేవారు మరి. అంత శ్రద్ధగా తీసిన ముఖాలు మసకబారిన ప్రొజెక్టర్ బల్బు కింద నల్లటి మరకలైపోతాయి. అందుకే ఆటకు ముందు ఖాళీ హాల్లో నిలబడి తెర మీద నీడలు సరిచూసుకునే ప్రొజెక్షనిస్టుకు కూడా ఈ సినిమాల ఘనతలో వాటా ఉంది.

తెలుగు పాఠకులకు ఈ ఊరు కొత్తది కాదు. 2023 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు జరిగింది ఫిలడెల్ఫియాలోనే. మనవాళ్లు వేలల్లో వచ్చి, పాటలు విని, విందులు తిని వెళ్లారు. నెల తిరగకముందే, ఆగస్టు మొదటి వారంలో, అదే నగరంలో బ్లాక్‌స్టార్ జరిగింది. అందులో నల్లజాతి దర్శకులవే కాదు, దక్షిణాసియా వాళ్లతో సహా ఇతర జాతుల దర్శకులు, ఆదివాసీ దర్శకులు తీసిన సినిమాలూ ఉంటాయి. న్యూజెర్సీ, డెలావేర్‌లలో చాలా ఊళ్ల నుంచి కారులో రెండు గంటల లోపు దూరం. కొత్త తెలుగు సినిమా వస్తే మొదటి రోజే ప్రీమియర్‌కు పరుగెత్తే మనవాళ్లు, వచ్చే ఆగస్టులో ఒక పూట అటు వెళ్లాలి. కాలేజీలో సినిమా చదవాలని సరదాపడే పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లాలి. షార్ట్ ఫిల్ముల ఆటకే టిక్కెట్ కొనండి. అయిపోగానే లేచిపోకుండా, దర్శకులు మాట్లాడేదాకా కూర్చోండి.