ఆరంగుళాల దారి

చిమ్నీ కొనడానికి షాపుకు వెళ్తే ముందుగా వినిపించేది ఒక అంకె. ఇది 1200, అది 1400 అంటారు. గంటకు అన్ని ఘనపు మీటర్ల గాలిని లాగుతుందని దాని అర్థం. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటింట్లో మొత్తం గాలి 23 ఘనపు మీటర్లకు మించదు. 1200 అన్నది నిజమైతే నిమిషం దాటి కొద్ది సెకన్లకల్లా వంటింటి గాలి అంతా మారిపోవాలి. మరి చిమ్నీ ఉన్న ఇంట్లో కూడా తిరగమోతలో ఎండుమిర్చి పడగానే హాల్లో కూర్చున్నవాళ్ళు ఎందుకు దగ్గుతున్నారు?

అంకె అబద్ధమని కాదు. సాధారణంగా అది పైపు తగిలించకముందు, ఎదురు లేని గాలిలో మోటారు చూపించే సత్తా. పైపు పడ్డాక అందులో ఎంత మిగులుతుందో తేల్చేది రెండు మూడు గంటలు మన వంటింట్లో స్టూలెక్కి పనిచేసే ఫిట్టర్. చిమ్నీ గురించి మాట్లాడేవాళ్ళంతా మిషన్ గురించే మాట్లాడతారు కానీ, నాకు చూడముచ్చటగా అనిపించేది ఆ ఫిట్టర్ పనే.

అలాగని మిషన్‌ను తక్కువ చేయనక్కర్లేదు. మూత విప్పితే లోపల ఉండేది మామూలు మూడు రెక్కల ఫ్యాను కాదు. ఒక గుండ్రటి డ్రమ్ము, దాని అంచు చుట్టూ ముందుకు వంగిన సన్నని రెక్కలు పదుల కొద్దీ. గాలి మధ్యలోంచి లోపలికి చేరి అంచుల్లోంచి విసురుగా బయటపడుతుంది. ఈ రకం చక్రానికి పేరు తెచ్చినవాడు శామ్యూల్ క్లీలాండ్ డేవిడ్‌సన్ అనే ఐర్లండువాసి. కుర్రతనంలో అస్సాంలోని కాచార్ తేయాకు తోటలకు వచ్చి, ఆకు ఆరబెట్టే యంత్రాలతో మొదలుపెట్టి, 1881లో బెల్‌ఫాస్ట్‌లో సిరోకో వర్క్స్ స్థాపించాడు. వేడిగాలిని ఆకు మీదికి ఎలా తోలాలా అని మథనపడిన బుర్రే తర్వాత ఈ ఫ్యాను దాకా వచ్చింది. మన పోపు పొగకు అస్సాం తేయాకుతో ఇంత దగ్గరి చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు.

ఇక గోడ దగ్గరికి వద్దాం. పని తెలిసిన ఫిట్టర్ రాగానే పెట్టె విప్పడు. వంటింట్లో నిలబడి పొయ్యి వైపు, కిటికీ వైపు, చివరికి పైకి చూస్తాడు. పొయ్యి ఎక్కడుండాలో మన ఇళ్ళలో వాస్తు ముందే తేల్చేసి ఉంటుంది: ఆగ్నేయ మూల, వండే మనిషి తూర్పు ముఖంగా. అతను ఆ గోడతోనే సర్దుకోవాలి. గోడ అవతల ఖాళీ జాగా ఉందా, పక్కింటివాళ్ళ పడకగది కిటికీ ఉందా, అపార్ట్‌మెంట్ షాఫ్టు ఉందా? పైన బీమ్ ఎంత కిందికి దిగింది? స్విచ్‌బోర్డు చూసి, దానికి నిట్టనిలువుగా గోడ మీద వేలితో గీత గీసినట్టు చూపిస్తాడు. "ఈడ డ్రిల్లు పెట్టను మేడమ్, లోపల వైర్లు గిట్లనే పైకి పోతయి."

హైదరాబాద్ కొత్త టవర్లలో ఇంకో చిక్కుంది. మైవాన్ పద్ధతిలో కట్టినవాటిలో గోడలు చాలావరకు కాంక్రీటే, భవనం బరువు మోసేవే. అక్కడ బిల్డర్ వదిలిపెట్టిన రంధ్రం తప్ప కొత్తది కొట్టనని మొండికేసే ఫిట్టర్ దొరికితే అదృష్టమనుకోవాలి. బీమ్‌కూ కాలమ్‌కూ కన్నం పెట్టడానికి ఒప్పుకునేవాడికి డబ్బులిచ్చి పంపేయడమే మేలు.

మామూలు ఇటుక గోడైతే కోర్ కటింగ్ కళ్ళారా చూడాల్సిన పని. ఒకప్పుడు సుత్తి, శానం పెట్టి గోడను గుల్ల చేసి, ఆ గతుకులను సిమెంటుతో పూడ్చేవాళ్ళు. ఇప్పుడు అంచుకు వజ్రపు రవ్వలు పొదిగిన బోలు గొట్టం లాంటి బిట్ వచ్చింది. టైలు నున్నగా ఉంటుంది కాబట్టి బిట్‌ను ఒక్కసారిగా తిన్నగా ఆనించడు. కాస్త వాలుగా పట్టి నెలవంకలా సన్నని గాడి పడనిచ్చి, పట్టు దొరికాకే నిటారు చేస్తాడు. పక్కన ఇంకో మనిషి నీళ్ళు వదులుతూ ఉంటాడు. నీళ్ళుంటేనే వజ్రపు అంచు వేడెక్కదు, దుమ్ము లేవదు. గాడి లోపలి నుంచి బయటికి చూపుకు తెలియనంత వాలుగా సాగుతుంది. వాన చుక్క లోపలికి రాకుండా, పైపులో చేరిన తడి మోటారు మీదికి జారకుండా ఆ వాలు. గోడ దాటబోయే ఆఖరి అంగుళంలో చేతి బరువు తీసేస్తాడు. తొందరపడితే బయటి ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడి కింద నడిచేవాళ్ళ మీద పడుతుంది. అందుకే కింద ముందుగానే ఒకర్ని కాపలా పెట్టి వస్తాడు. బిట్ వెనక్కి లాగితే గోడ ముక్క గుండ్రంగా చేతిలోకి వస్తుంది: టైలు, సిమెంటు, ఇటుక, మళ్ళీ సిమెంటు, పొరలు పొరలుగా.

ఎత్తు దగ్గర మంచి ఫిట్టర్ ఇంటి యజమానిని అడగడు. రోజూ వండే మనిషిని పిలిచి పొయ్యి ముందు నిలబడమంటాడు. గ్యాసు పొయ్యికి చిమ్నీ అడుగు అంచుకు మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు సాధారణంగా వాడే కొలత; కంపెనీ పుస్తకంలో ఎంత రాసి ఉంటే అదే ఖాయం. మరీ కిందికి దించితే తల తగులుతుంది, ఫిల్టరులోని నూనెకు మంట సెగ తగులుతుంది. మరీ పైకి లేపితే పొగ పైకెళ్ళేకొద్దీ వెడల్పై అంచులు దాటిపోతుంది. చిమ్నీ వెడల్పు పొయ్యి కన్నా తక్కువ ఉండకూడదన్నదీ అందుకే. రసమట్టం పెట్టి గీత గీశాక, టైలు మీద అంటుకునే టేపు ముక్క అతికించి దాని మీద గుర్తు పెడతాడు, బిట్ జారకుండా. టైలు దాటేదాకా డ్రిల్లులో సుత్తిపోటు ఆపేసి ఉంచుతాడు. తేలికపాటి బ్లాకుల గోడకు మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు చాలవని తెలిసి, వాటికి సరిపడే పొడుగాటి బిగింపులు సంచిలోంచి తీస్తాడు. బిగించాక రెండు చేతులతో గట్టిగా కిందికి లాగి చూసుకుంటాడు.

ఇంతవరకూ జరిగింది ఎత్తుగడ మాత్రమే. అసలు పరీక్ష పైపు. చిమ్నీ మూతి ఆరంగుళాలుంటే పైపూ ఆరంగుళాలే ఉండాలి. గోడకు పాత ఎగ్జాస్టు ఫ్యాను కోసం పెట్టిన నాలుగంగుళాల కన్నం ఉందని పైపును కుదిస్తే దారి వైశాల్యం సగానికన్నా తగ్గుతుంది, అంతే గాలిని అందులోంచి తోయడానికి ఎదురయ్యే అడ్డు మాత్రం ఏడు రెట్లు దాటుతుంది. షాపువాడు చెప్పిన 1200 ఇక్కడే హారతి కర్పూరమైపోతుంది. ప్రతి వంపూ ఇంకొంత తినేస్తుంది. అందుకే పైపు అతి దగ్గరి దారిలో, వీలైతే ఒకే వంపుతో, ఆ వంపు కూడా నిదానంగా తిరిగేలా పోవాలి. అల్యూమినియం ముడతల పైపు వాడితే దాన్ని పూర్తిగా సాగదీసి, మిగిలింది కోసేయాలి. మిగిలింది ఎందుకు పారేయాలని లోపల కుక్కిన పైపు ప్రతి ముడతలో జిడ్డు దాచుకుంటుంది, ఆ జిడ్డుకు నిప్పు తగిలితే ఆర్పడం కష్టం. మన దగ్గర పీవీసీ పైపు కూడా ధారాళంగా వాడతారు. లోపల నున్నగా ఉంటుంది, నిజమే, కానీ 80 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. నా ఓటు నున్నటి రేకు పైపుకే.

చిమ్నీ మూతి దగ్గర రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. మోటారు తిరిగితే గాలికి తెరుచుకుంటాయి, ఆగితే మూసుకుని బయటి గాలిని, పురుగును, పక్కింటి చేపల పులుసు వాసనను ఆపుతాయి. పైపును ఎక్కువ లోపలికి దూర్చినా, స్క్రూ పొడుగైనా ఈ రెక్కలు ఇరుక్కుంటాయి. బయటికి ఏమీ కనిపించదు, పొగ మాత్రం పోదు. మంచి ఫిట్టర్ స్విచ్ వేసి, ఆపి, చెవి పెట్టి వింటాడు: తెరుచుకున్నప్పుడు ఒక టక్, మూసుకున్నప్పుడు ఒక టక్. తర్వాత అగరుబత్తి వెలిగించి పొయ్యి ముందంచున పట్టుకుంటాడు. ఫిల్టరుకు కాగితం అతుక్కోవడం ఎవరైనా చూపిస్తారు. ముందు బర్నరు మీది పొగ వంగి లోపలికి పోవడమే లెక్క.

అన్నీ సరిగ్గా ఉన్నా పొగ కదలకపోతే తలుపులు చూడాలి. బయటికి ఎంత గాలి పోతే అంత లోపలికి రావాలి కదా. పొయ్యికి దూరంగా ఒక కిటికీ కాస్త తెరిస్తే చాలు. పొయ్యి పక్కదే బార్లా తెరిస్తే, లేదా సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే, పొగ చెదిరిపోతుంది. కిటికీలన్నీ బిగించిన ఫ్లాటులో చిమ్నీ తిరుగుతూ, పక్కనే గ్యాసు గీజరు మండుతుంటే ఇంకా ప్రమాదం. గీజరు గొట్టంలోంచి పైకి పోవాల్సిన గాలి కార్బన్ మోనాక్సైడుతో సహా ఇంట్లోకే రావచ్చు. అమెరికా నివాస భవనాల నమూనా కోడ్, ఇంట్లోని గాలితోనే మండే పరికరాలున్నచోట, నిమిషానికి 400 ఘనపు అడుగులు మించి లాగే చిమ్నీకి లోపలికి గాలి తెచ్చే ఏర్పాటు ఉండాలంటుంది. అది గంటకు 680 ఘనపు మీటర్లు, అంటే మన షాపు అంకెలో దాదాపు సగం. అక్కడి మన వాళ్ళకు ఇంకో తంటా. చాలా ఇళ్ళలో పొయ్యి మీది మైక్రోవేవ్‌లోని ఫ్యాను పొగను బొగ్గు ఫిల్టరు గుండా తిప్పి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. పోపు వేస్తే ముందు పలికేది స్మోక్ అలారమే.

వెళ్ళేముందు ఫిట్టర్ చెప్పే నాలుగు మాటలు పుస్తకంలోని నలభై పేజీలకన్నా విలువైనవి. పొయ్యి వెలిగించకముందే చిమ్నీ వేయండి, దించాక పది నిమిషాలు తిరగనివ్వండి. వేపుళ్ళు, పూరీలు వెనక బర్నరు మీద చేయండి. గిన్నె లేకుండా మంట వదలకండి. మూకుడులో నూనె అంటుకుంటే చిమ్నీ, పొయ్యి రెండూ ఆపి మూత పెట్టండి, నీళ్ళు మాత్రం పోయకండి. గ్యాసు వాసన వస్తే చిమ్నీ స్విచ్ ముట్టుకోవద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. పైనున్న చిమ్నీ దాన్ని లాగదు, స్విచ్ దగ్గర పుట్టే రవ్వ మాత్రం దానికి చాలు. సిలిండరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవాలి.

ఆటో క్లీన్ బటన్ మోటారు చుట్టూ ఉన్న జిడ్డును కరిగించి గిన్నెలోకి దించుతుంది, పైపు జోలికి పోదు. పైపును ఎప్పుడో ఒకప్పుడు విప్పి కడగాల్సిందే. అందుకే మంచి ఫిట్టర్ అతుకును సిమెంటుతో కప్పేయడు. టేపుతో, క్లిప్పుతో మళ్ళీ విప్పేలా బిగిస్తాడు. ఫాల్స్ సీలింగ్ వేసేవాళ్ళను అక్కడ చిన్న తలుపు వదలమని కూడా చెప్పి వెళ్తాడు. ఎవరూ వినరు. రెండేళ్ళ తర్వాత ఫోన్ చేస్తే వచ్చి ఆ సీలింగ్ కోసేదీ అతనే.