మిథ్యాయంత్రములో ఆటలు: సగటు చెప్పని సంగతి

ఒక కంప్యూటరులో మరియొక కంప్యూటరు ఉన్నట్లు భ్రమ కల్పించు ఏర్పాటునకు వర్చువల్ మెషీన్, అనగా మిథ్యాయంత్రము అని పేరు. లినక్సుతో నడుచు వర్క్‌స్టేషన్‌లో విండోస్ మిథ్యాయంత్రమును నెలకొల్పి, అందులో భారీ వీడియో ఆటలు ఆడుట నేడు సాధ్యమే. అయితే ఈ ఏర్పాటును మెచ్చుకొనువారు వాడు కొలబద్ద సరియైనదేనా?

1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు మిథ్యాయంత్రమునకు మూడు లక్షణములు చెప్పిరి. ప్రోగ్రాము నిజయంత్రముపై వలెనే నడువవలెను. వనరులన్నియు పర్యవేక్షక ప్రోగ్రాము అదుపులో ఉండవలెను. ఆదేశములలో అధికభాగమును ప్రాసెసరు నేరుగా నిర్వర్తింపవలెను. మొదటి లక్షణమునకు వారొక మినహాయింపు నిచ్చిరి: కాలములో తేడా రావచ్చును. జీతాల పట్టీ తయారుచేయు ప్రోగ్రామునకు దీనివలన నష్టము లేదు. ఆటకు మాత్రము కాలమే ప్రాణము.

సెకనుకు 60 చిత్రములు వచ్చిన ఆట సాఫీగా సాగినదందురు. 59 చిత్రములు 16 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, చివరిది 56 మిల్లీసెకన్లు తీసికొన్నదనుకొందము. మొత్తము సరిగా ఒక సెకను. సగటు 60 చిత్రములే. కాని ఆ ఒక్క చిత్రము వద్ద ఆటగాని చేయి తప్పును. సగటు ఈ లోపమును కప్పిపుచ్చును.

ఆట బొమ్మలను గీయు గ్రాఫిక్స్ కార్డును మిథ్యాయంత్రమునకే పూర్తిగా అప్పగించుట ఇందలి కీలకము. ఆ కార్డు తనకు కేటాయించిన మెమరీని దాటిపోకుండ ఐ.ఓ.ఎమ్.ఎమ్.యు. అను భాగము కావలి కాయును. అందువలన బొమ్మలు గీయు వేగము నిజయంత్రమునకు చాల సమీపముగా ఉండును. ఇంతవరకు ప్రశంసనీయమే.

వర్క్‌స్టేషన్‌లో కోర్లు అధికము గనుక ఆట మరింత సాఫీగా సాగునని పలువురు తలచెదరు. ఇది అర్ధసత్యము. 2017లో ఎ.ఎమ్.డి. సంస్థ విడుదల చేసిన థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్‌లోని 16 కోర్లు రెండు సిలికాన్ ముక్కలలో ఉన్నవి. ఒక్కొక్క ముక్కకు దగ్గరి మెమరీ వేరు. ఆట ఒక ముక్కలోను, దాని సమాచారము రెండవదాని మెమరీలోను ఉన్నచో రాకపోకలకు ఆలస్యమగును. కొన్ని కోర్లను, వాని దగ్గరి మెమరీని మిథ్యాయంత్రమునకే ప్రత్యేకించినగాని ఈ దోషము తగ్గదు.

మిగిలిన అడ్డంకులు మనుష్యులు పెట్టినవి. ఎన్‌విడియా సంస్థ తన జీఫోర్స్ డ్రైవరును మిథ్యాయంత్రములో పనిచేయనిచ్చినది 2021లోనే. వాలరెంట్ ఆటలో మోసగాండ్రను పట్టు ప్రోగ్రాము మిథ్యాయంత్రమును ఒప్పుకొనదు.

కావున ఆటల కొరకే వర్క్‌స్టేషన్ కొనుట వివేకము కాదు. పనికై దానిని ఇదివరకే కొన్నవారికి ఒక యంత్రములో రెండింటి ప్రయోజనము దక్కును. దాని గుణము నిర్ణయించువారు సగటుతో పాటు, అన్నిటికంటె ఆలస్యముగా వచ్చిన చిత్రపు కాలమును గూడ చెప్పవలెను. కొలత అసంపూర్ణమైనచో తీర్పు సమగ్రము కానేరదు.