మోగిన గంట, మెదిలిన పేరు

టెలిఫోను గంట మోగుతుంది. చేయి ఇంకా దానిని తాకలేదు. మనసులో ఒక పేరు మెదలుతుంది. ఎత్తి వింటే ఆ గొంతే. “నీకు నూరేళ్ళాయుష్షు, ఇప్పుడే తలచుకున్నాను” అంటాము. ఈ అనుభవం లేనివారు అరుదు. అయితే ఇది జ్ఞానమా, లేక ఆకాంక్షయా? మన కావ్యాలు టెలిఫోను పుట్టుకకు ఎంతో పూర్వమే ఈ ప్రశ్నను విచారించినవి.

మేఘదూతంలో యక్షుడు రామగిరినుండి అలకాపురికి సందేశం పంపుతాడు. మేఘం సమీపించగానే తన ప్రియురాలి కన్ను అదురుతుందంటాడు. ఇచ్చట గమనింపవలసినది ఒకటి ఉన్నది. కన్నదరడాన్ని చూచినవారు లేరు. “అదురునని ఊహిస్తున్నాను” అని మాత్రమే కాళిదాసు అతనిచేత అనిపించాడు. ఆ శకునం నిజానికి అలకలో జరగలేదు. రామగిరిలోని విరహి హృదయంలో జరిగినది.

శాకుంతలం పంచమాంకంలో ఇదే విషయం మరింత లోతుగా ఉన్నది. హంసపదిక పాట విని దుష్యంతుడు కారణం తెలియక కలత చెందుతాడు. ఎవరో పిలుస్తున్నారు, ఎవరో తెలియదు. జన్మాంతర స్నేహాలు కాబోలునని సమాధానపడతాడు. కొంతసేపటికి శకుంతల ఎదుటికి వచ్చి నిలిచినా గుర్తింపడు. పిలుపు సోకినంత మాత్రాన పిలిచినవారు తెలిసినట్లు కాదని ఈ ఘట్టం చెప్పుచున్నది.

లోకవ్యవహారంలోనూ ఈ ఊహకు రూపాలున్నవి. హిందీ ప్రాంతాలలో ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలచుకుంటున్నారని ఒక్కొక్క పేరే చెప్పి చూస్తారు. ఏ పేరువద్ద ఎక్కిలి ఆగితే వారే తలచినవారు. ఎక్కిలి ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు. అంతకుముందు చెప్పిన పేర్లను ఎవరూ గుర్తుంచుకోరు. ఇట్టి ఘట్టాన్ని తెలుగు చేయవలసివచ్చినప్పుడు నేను “పొలమారింది” అని వ్రాస్తాను. దేహచేష్ట మారినా భావం మారదు.

ఈ మరచిన పేర్లను లెక్కించడానికి ప్రయత్నించినవాడు రూపర్ట్ షెల్‌డ్రేక్. ఈ ఆంగ్ల జీవశాస్త్రవేత్త 1974లో హైదరాబాదుకు వచ్చి, ఇక్రిశాట్‌లో కంది, శనగ పైర్లపై పరిశోధన చేశాడు. స్వదేశానికి మరలిన తరువాత టెలిఫోను పరీక్షలు జరిపి, 2003లో ఫలితాలు ప్రకటించాడు. పరిచితులైన నలుగురిలో ఒకరు పిలుస్తారు. ఎత్తకముందే పేరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా నూటికి సుమారు 25 సరిపోతవి. అంతకు మించి సరిపోయినవని ఆయన వాదం. శాస్త్రజ్ఞులలో అధికులు దానిని అంగీకరించలేదు. కాని ఆ పద్ధతిలో ఒక న్యాయం ఉన్నది: తప్పినవీ లెక్కకు వస్తవి. మన జ్ఞాపకంలో అవి రావు.

నా కథే అందుకు తార్కాణం. నేనుండేది జంషెడ్‌పూర్‌లో. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడిన ఊరిది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమే అందుకు సాక్షి. స్వస్థలం దూరమైనవారికి ఫోను మోతంటే గుండె దడ. శ్రీకాకుళంలో మా నాన్నగారు మంచానపడి ఉన్న రోజులలో, ఒక తెల్లవారుజామున గంట మోగినది. ఎత్తకముందే “నాన్నగారు పోయారు” అన్నాను. అక్కయ్య గొంతు ఆ మాటే చెప్పినది. ఇరవై ఏళ్ళపాటు ఈ కథ అందరికీ చెప్పుకున్నాను. ఒకనాడు నా భార్య మెల్లగా అన్నది: “ఆ నెలంతా ఫోను మోగిన ప్రతిసారీ మీరు ఆ మాటే అన్నారండీ.”

మొదట చిన్నబుచ్చుకున్నాను. నా దివ్యజ్ఞానం పోయినది. కాని దాని స్థానంలో అంతకంటె విలువైనది దక్కినది: ఒక నెలపాటు ప్రతి మోతలోనూ నేను మా నాన్నగారినే విన్నాను. యక్షుని ఊహకు అర్థం నాకు అప్పుడు తెలిసినది.

నేడు ఎత్తకముందే పిలిచేవారి పేరు ఫోను తెరపై కనిపిస్తుంది. ఊహకు చోటు తగ్గినది. అందువల్లనే పాత కావ్యాలను తెలుగు చేసేవారు మరింత జాగరూకులు కావాలి. యక్షుని “ఊహిస్తున్నాను” అన్న క్రియను విడిచి, “ఆమె కన్ను అదురుతుంది” అని నిశ్చయంగా వ్రాస్తే శకునం మిగులుతుంది, విరహం పోతుంది. కాళిదాసు మనకిచ్చినది శకునశాస్త్రం కాదు.