రక్తం వద్దంటున్న పిశాచి

వాంపైర్ కథకూ రికార్డు చేసిన గొంతుకూ చుట్టరికం ఆడియోబుక్కులతో మొదలైంది కాదు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’లో డాక్టర్ సీవర్డ్ తన డైరీని కాగితం మీద రాయడు, ఫోనోగ్రాఫ్‌లో మైనపు సిలిండర్ల మీద చెప్పుకుంటాడు. అదే నవలలోని మీనా వాటిని విని టైపు చేస్తుంది. గొంతులో అతని దుఃఖం మరీ పచ్చిగా వినబడుతోందనీ, ఇంకెవరూ అలా వినకూడదనే టైపు చేశాననీ అంటుంది. (సీవర్డ్‌కు ఇంకో చిక్కు: నెలల తరబడి చెప్పుకున్నదాంట్లో కావలసిన చోటు ఎలా వెతకాలో తెలియదు. ఆడియోబుక్కులు వినేవాళ్లకు ఈ బాధ కొత్తేమీ కాదు.)

గొంతులో మీనా పసిగట్టిన ఆ దుఃఖమే, ఖర్మకాలి వాంపైర్లయినవాళ్ల కథలకు ఆయువుపట్టు. డ్రాక్యులాకు తన ఆకలి మీద అనుమానాల్లేవు. వీళ్లకు తమతో తమకే తగువు. 1845-47 మధ్య ఇంగ్లండులో చౌక సీరియల్‌గా వచ్చిన ‘వార్నీ ద వాంపైర్’లో వార్నీ తన బతుకు మీద రోతపుట్టి చివరికి వెసూవియస్ అగ్నిపర్వతంలో దూకేస్తాడు. 1976లో ఆన్ రైస్ సృష్టించిన లూయీ మొదట్లో మనుషుల్ని చంపడానికి చేతులు రాక ఎలుకలతో సరిపెట్టుకుంటాడు. ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’ నవల మొత్తం శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక గదిలో, టేప్ రికార్డర్ ముందు అతను ఇచ్చిన వాంగ్మూలమే.

అదే ఊళ్లో 1995లో క్రిస్టఫర్ మూర్ ఆ ఏడుపును నవ్వులోకి తిప్పాడు. ‘బ్లడ్‌సకింగ్ ఫీండ్స్’లో జోడీ ఆఫీసు ఉద్యోగం చేసుకునే మామూలు అమ్మాయి. రాత్రి వీధిలో ఎవడో మీద పడతాడు. స్పృహ వచ్చేసరికి చెత్తడబ్బా కింద ఉంటుంది. ఎండ సోకిన చెయ్యి కాలిపోయింది, బట్టల్లో మాత్రం డబ్బు కట్టలు! ఇక్కడినుంచి మూర్ నడిపే కథంతా రోజువారీ ఇబ్బందులే. ఇల్లు అద్దెకు కావాలి, పగటిపూట తిరిగి పనులు చూసే మనిషి కావాలి. సూపర్‌మార్కెట్‌లో రాత్రి షిఫ్టు చేసే టామీ అలా దొరుకుతాడు. అతగాడు వాంపైర్ నవలలు తెచ్చుకుని, వాటిలో నిజమెంతో ఆమె మీదే పరీక్షలు పెడతాడు. గడ్డకట్టిన టర్కీ కోళ్లతో షాపు నడవాల్లో బౌలింగ్ ఆడే అతని స్నేహబృందం ఉండనే ఉంది. నగర చక్రవర్తినని చెప్పుకుంటూ రెండు కుక్కలతో తిరిగే ముసలాయన మూర్ కల్పన అనిపిస్తాడు గానీ, 1859లో తనను తాను అమెరికా చక్రవర్తిగా ప్రకటించుకున్న నార్టన్ ఆ ఊరి మనిషే.

ఇందులో అన్నీ మెచ్చుకోదగ్గవి కావు. టామీని పెళ్లాడి గ్రీన్‌కార్డు కొట్టేద్దామనుకునే వాంగ్ పేరుగల ఐదుగురి మీద హాస్యం ఇప్పుడు చౌకబారుగా తోస్తుంది. కొత్త బతుకును జోడీ విసుగుతో, ఆశ్చర్యంతో, ఒక్కోసారి సంబరంతో ఒప్పుకునే తీరు మాత్రం పాతబడలేదు. మొదటి రాత్రి ఆమెకు దొరికిన వరాల్లో పదునెక్కిన చెవి ఒకటి. కళ్లు మూసుకుని వినేవాడికి ఆ అనుభవం పేజీలో కన్నా దగ్గరవుతుంది.

ఆడియోబుక్కుగా దీన్ని చదివింది సుసాన్ బెనెట్. ఐఫోన్ సిరికి తొలి అమెరికన్ గొంతు తనదేనని 2013లో బయటపెట్టిన ఆవిడే. ఇలాంటి పుస్తకం చదివేవాళ్లు కోరలు మొలవగానే గొంతు బొంగురు చేస్తే కథ చచ్చిపోతుంది. నిన్నటి జోడీయే ఇవాళా మాట్లాడాలి. మారింది ఆకలి ఒక్కటే. నవ్వు పుట్టేదీ, జాలి కలిగేదీ ఆ మారని గొంతు వల్లే.

ఒక్క గొంతుతో కథ నడిపే ఈ విద్య మనకు పరాయిది కాదు. రిచర్డ్ బర్టన్ 1870లోనే మన బేతాళ కథల్ని ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ పేరుతో ఇంగ్లీషు పాఠకులకు అందించాడు. బేతాళుడు రక్తం జోలికి పోడు. రాజు భుజమ్మీద కూర్చుని చీకట్లో కథ చెబుతాడు, అంతే. చెవి పక్కన ఒక్క గొంతు, దారి పొడవునా. తెలుగులో ఆడియో కథలు తీసేవాళ్లకు నా మనవి కూడా అదే: మంచి చదువరిని ఒక్కరిని పెట్టుకోండి, దయచేసి వెనకాల వినిపించే నక్క ఊళలు తీసేయండి.