మైదాకు పెట్టే చేయి

ముంబయిలో వర్లి బీడీడీ చాళ్లలోని 160 చదరపు అడుగుల గదిలో, పద్మశాలి పెళ్లికూతురికి మైదాకు పెట్టే అమ్మాయి చేతి ఒడుపు చూసి తీరాలి. కోను మొన చర్మానికి ఆనదు. కాస్త ఎత్తు నుంచి దారంలా జారే ముద్దను గీతగా పరుస్తూ పోతుంది. బొటనవేలి ఒత్తిడి రవ్వంత పెరిగినా తీగ కొస లావెక్కుతుంది. పెళ్లికొడుకు పేరును ఆ తీగల్లోనే దాస్తుంది. ఆరుతున్నకొద్దీ, పెచ్చులు రాలకుండా, చక్కెర కలిపిన నిమ్మరసం దూదితో అద్దుతుంది. పొద్దున నీళ్లు తగలనివ్వకుండా గీకేస్తే కనిపించేది నారింజ రంగే. కంగారు పడక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. చర్మం మందంగా ఉండే అరచేతుల్లో మరీ బాగా పండుతుంది. ఇంటెడు చాకిరీ చేసే పెళ్లికూతురికి మైదాకు పెట్టిన రాత్రి ఏ పనీ లేదు. చేతులు చాపుకుని కూర్చుంటే వదినె అన్నం కలిపి నోట్లో పెడుతుంది, పక్కగది మరాఠీ ఆవిడ మంచినీళ్లు తాగిస్తుంది.